ముందే తేల్చేసుకుంటే



కార్తీక మాసం వచ్చిందంటే మన వీధుల్లో నల్లబట్టలు కనిపిస్తాయి. మెడలో మాల, నుదుట విభూతి, గంధం, కాళ్లకు చెప్పుల్లేకుండా నడిచిపోయే అయ్యప్ప స్వాములు. వాళ్లలో లారీ డ్రైవర్లుంటారు, తాపీ మేస్త్రీలుంటారు, బ్యాంకు ఉద్యోగులుంటారు, డిగ్రీ చదివే కుర్రాళ్లుంటారు. మామూలు రోజుల్లో వీళ్లలో కొందరికి సాయంత్రమైతే చుక్క పడాల్సిందే. కొందరు గంటకో సిగరెట్ ముట్టిస్తారు. మానెయ్యమని తల్లి బతిమాలి చెప్పింది, భార్య పోట్లాడి చెప్పింది, డాక్టరు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పాడు. ఆ మనిషికీ మానాలనే ఉంది. పోయిన ఉగాదికి మానేశాడు కూడా, నాలుగు రోజులు. అదే మనిషి గురుస్వామి చేతుల మీదుగా మాల వేసుకున్నాడంటే ఇక 41 రోజులు సిగరెట్ ముట్టడు, మందు జోలికి పోడు, నీచు తినడు, తెల్లారకముందే లేచి చన్నీళ్లు పోసుకుంటాడు, చాప పరుచుకుని నేలమీద పడుకుంటాడు. ఇతనేనా అని ఇంట్లోవాళ్లే ఆశ్చర్యపోతారు.

ఇదంతా భక్తి అంటారు కొందరు. స్వామి ఏం చేస్తాడోనన్న భయం అంటారు ఇంకొందరు. రెండూ ఉంటాయి, కాదనను. కానీ ఆ రెండింటి వెనక ఇంకొకటి ఉంది. దాని గురించే ఈ కాసేపు మీతో మాట్లాడదామని.

టీ కొట్టు దగ్గరికి వెళ్దాం. సాయంత్రం ఆరున్నర. మామూలు రోజైతే స్నేహితుడు పెట్టె తీసి ఒక సిగరెట్ ముందుకు చాపుతాడు. మన మనిషి "వద్దులేరా, మానేశా" అంటాడు. "ఎప్పట్నుంచి?" "ఇవాళ్టి నుంచే." "అయితే రేపట్నుంచి మానెయ్, ఇవాళ్టికి కానీ." అక్కడితో అయిపోయింది. దీక్షలో ఉన్నప్పుడు అదే కొట్టు, అదే స్నేహితుడు, అదే ఆరున్నర. కానీ పెట్టె జేబులోంచి బయటికి రాదు. నిన్నటిదాకా ఒరేయ్ అన్న నోరే "స్వామీ, టీ తాగుతారా?" అంటుంది. బలవంతపెట్టేవాడే కాపలాదారు అయిపోయాడు. పైగా ఏడు గంటలకల్లా స్వామి అక్కడ ఉండడు. భజన ఉంది, లేదా ఎవరింట్లోనో పడిపూజ ఉంది. ఏ గంట అయితే అతన్ని మందు షాపు వైపు నడిపించేదో, ఆ గంటకి ఇప్పుడు వేరే పని పడింది.

చూశారా, ఎన్ని సంగతులు మాల వేసుకున్న ఆ ఒక్క పూటలోనే తేలిపోయాయో! ఎన్నింటికి లేవాలి, ఏం తినాలి, ఏం తినకూడదు, ఎక్కడ పడుకోవాలి, ఎవరిని ఎలా పిలవాలి, సాయంత్రం ఎక్కడ ఉండాలి. ఆ తర్వాత రోజుకో కొత్త తీర్మానం అక్కర్లేదు. తాగాలా వద్దా అన్న తర్జనభర్జన మనసులోకే రాదు. ఇక మనసు పోట్లాడేది ఎవరితో?

ఇది నా ఊహ కాదనడానికి ఒక రుజువు ఉంది. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన సాయంత్రం ఏం జరుగుతుందో మీకూ తెలుసు. అందరూ అని అనను గానీ, చాలామంది ఆ వారంలోనే పాత దారి పడతారు. 41 రోజులు నిలబెట్టిన మనోబలమే అయితే ఒక్క పూటలో ఎక్కడికి పోయింది? మనిషి అతనే, మనసు అదే. పోయింది ఏర్పాటు. మాల పోయింది, స్వామీ అన్న పిలుపు పోయింది, ఏడు గంటల భజన పోయింది. మళ్లీ టీ కొట్టు దగ్గర ప్రతి సాయంత్రం కొత్తగా తేల్చుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. అలసిపోయి, ఆకలి మీద ఉన్న మనిషి ఆరున్నరకు తీసుకునే నిర్ణయం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోవాలి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే కొందరికి చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి భ్రమించడం జరుగుతుంది. అది ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివాళ్లు మాల వేసుకునే ముందు డాక్టరుకు చూపించుకుని, ఆయన చెప్పినట్టు మానాలి. దీనికి సిగ్గుపడనక్కర్లేదు.

అయ్యప్ప దీక్ష ఒక్కటే కాదు. బెజవాడ కనకదుర్గమ్మ భవానీ దీక్షలున్నాయి. రంజాన్ ఉపవాసం ఉంది. క్రైస్తవుల ఇళ్లలో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం ఉంది. వీటన్నిటికంటే చిన్నది, మనం గమనించనిది, శనివారం నియమం. శనివారం ముక్క ముట్టనివాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. శనివారం రాత్రి పెళ్లి రిసెప్షన్‌లో వేడివేడి దమ్ బిర్యానీ పొగలు కక్కుతుంటే ఆ మనిషిని చూడండి. ఏ బాధా ఉండదు. "ఇవాళ శనివారమండీ" అని పప్పు, పెరుగన్నం వైపు వెళ్లిపోతాడు. బలవంతపెట్టేవాళ్లు కూడా ఆ ఒక్క మాటతో ఊరుకుంటారు. అదే మనిషి మంగళవారం నాడు కొవ్వు తగ్గించుకోమన్న డాక్టరు మాట గుర్తుంచుకుని "కొంచెం తక్కువ తిందాం" అనుకుంటే ఏమవుతుంది? తక్కువ అంటే ఎంత? రెండు ముక్కలా, నాలుగా? ఆ "కొంచెం" దగ్గరే బేరం మొదలవుతుంది. మనసు బేరానికి దిగిందంటే గెలిచేది నాలుకే. శనివారానికి బేరం లేదు. అందుకే దానికి మనోబలమూ అక్కర్లేదు.

ఇంట్లో వ్రతం చేసుకునేటప్పుడు పురోహితుడు సంకల్పం చెప్పించడం మీకు గుర్తుండే ఉంటుంది. ఏ ఖండంలో ఉన్నాం, ఏ నదుల మధ్య ఉన్నాం, ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, తర్వాత గోత్రం, పేరు. ఇవన్నీ అయ్యాక గానీ చేయబోయే పని పేరు రాదు. మనమేమో జనవరి ఒకటో తారీకున "ఈ ఏడాది ఆరోగ్యం మీద శ్రద్ధ పెడతాను" అంటాం. ఎక్కడ? ఏ పూట? ఏ పనితో? ఒక్కటీ ఉండదు.

పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త సరిగ్గా ఈ ప్రశ్నల మీదే ఏళ్ల తరబడి పని చేశారు. 1997లో ఆయనా, సహ పరిశోధకురాలు వెరోనికా బ్రాండ్‌స్టెటరూ ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. క్రిస్మస్ ముందు రోజు రాత్రి ఎలా గడిపారో రెండు రోజుల్లోగా రాసి పంపమని కాలేజీ విద్యార్థులను అడిగారు. అందరూ సరేనన్నారు. వాళ్లలో సగం మందిని మాత్రం ఇంకొక్క మాట అడిగారు: ఏ సమయంలో, ఎక్కడ కూర్చుని రాస్తారో ఇప్పుడే అనుకోండి అని. పండగ హడావుడిలో ఎవరు రాస్తారు చెప్పండి? ఊరికే సరేనన్నవాళ్లలో మూడో వంతు మంది రాశారు. వేళ, చోటు ముందే అనుకున్నవాళ్లలో ముప్పాతిక మంది రాశారు.

2002లో బ్రిటన్‌లో జరిగిన ఇంకో పరిశోధన నాకు మరీ ఇష్టం. విద్యార్థులను మూడు జట్లు చేశారు. వచ్చే వారంలో ఒక్కసారైనా ఇరవై నిమిషాలు గట్టిగా వ్యాయామం చెయ్యాలి. మొదటి జట్టుకు ఇంకేమీ చెప్పలేదు. వాళ్లలో 38 శాతం మంది చేశారు. రెండో జట్టుకు గుండె జబ్బుల గురించి, వ్యాయామం వల్ల మేలు గురించి చదివించారు. వాళ్లలో 35 శాతం మంది చేశారు. అంటే చదివించడం వల్ల ఒరిగిందేమీ లేదు. మూడో జట్టుకు అదే చదివించి, ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ చేస్తారో రాయించారు. 91 శాతం మంది చేశారు. మైకు ముందు కూర్చుని ఆరోగ్య ప్రసంగాలు చేసే నాలాంటివాళ్లకు ఈ లెక్కలో రెండో జట్టు సంగతి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

అయితే ప్రతిచోటా ఇంత తేడా వస్తుందని ఆశపడకండి. అమెరికాలో కేథరిన్ మిల్క్‌మన్ అనే పరిశోధకురాలి బృందం ఒక కంపెనీ ఉద్యోగులకు ఫ్లూ టీకా వేయించుకోమని ఉత్తరాలు పంపింది. కొందరి ఉత్తరంలో తారీకు, టైము మీ చేత్తో మీరే రాసుకోండని ఖాళీ గడి పెట్టింది. మామూలు ఉత్తరం అందుకున్నవాళ్లలో 33 శాతం మంది టీకా వేయించుకుంటే, గడి ఉన్నవాళ్లలో 37 శాతం మంది వేయించుకున్నారు. నాలుగు శాతమే. కానీ ఖర్చు ఎంత? కాగితం మీద ఒక గడి.

మనోబలం గురించి శాస్త్రవేత్తల్లోనే ఒక పెద్ద తగువు నడిచింది. 1998లో రాయ్ బామైస్టర్ బృందం ఒక ప్రయోగం చేసింది. గదినిండా చాక్లెట్ బిస్కెట్ల వాసన. కొందరిని మాత్రం వాటి జోలికి పోకుండా ముల్లంగి ముక్కలు తినమన్నారు. తర్వాత ఎంతకీ తెగని పజిల్ ఇస్తే ముల్లంగి తిన్నవాళ్లు ముందే చేతులెత్తేశారు. దాంతో మనోబలం వాడేకొద్దీ ఖర్చయిపోతుందన్న మాట ప్రపంచమంతా పాకింది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి రెండు వేలమందికి పైగా మనుషుల మీద ఆ సిద్ధాంతాన్ని మళ్లీ పరీక్షించాయి. ఫలితం దాదాపు సున్నా. తగువు ఇంకా తెగలేదు. మనకు మాత్రం అది తెగేదాకా ఆగాల్సిన అవసరం లేదు. ఖర్చయిపోయేదైనా, కాకపోయినా, మనోబలం మీద అలవాటు కట్టుకోవడం వానాకాలం వాగును నమ్ముకుని మూడో పంట వేసినట్టే.

ఇంకో సంగతి. జర్మనీలో వూర్ట్స్‌బర్గ్ పట్టణంలో పరిశోధకులు కొందరికి చిన్న పరికరాలిచ్చి, రోజులో మధ్యమధ్య "ఇప్పుడు నీకేమైనా కోరిక కలుగుతోందా, దాన్ని అణచుకుంటున్నావా" అని అడిగారు. మంచి నిగ్రహం ఉన్నవాళ్లు గంటగంటకూ కోరికలతో యుద్ధం చేసి గెలుస్తూ ఉంటారని మనం అనుకుంటాం కదా. తేలింది వేరు. అలాంటివాళ్లకు అసలు అణచుకోవాల్సిన సందర్భాలే తక్కువ వస్తున్నాయి. యుద్ధం జరిగే చోటికే వాళ్లు వెళ్లడం లేదు. మనం మహా నిగ్రహవంతుడని పొగిడే మనిషి ఇంట్లో మిక్చర్ పొట్లం ఉండకపోవడమే అసలు రహస్యం కావచ్చు.

డబ్బు దగ్గరికొస్తే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం గురించి మీరు వినే ఉంటారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. దాని వెనకే అదే జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు, పొదుపు లక్ష్మి అని. నెలకు ముప్పై రూపాయలు. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్న మహిళా సంఘాల వెనక ఉన్న కథల్లో అదొకటి. సంఘం మీటింగు ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. ఫలానా తారీకు, ఫలానా వాళ్ల అరుగు మీద, ఇంత మొత్తం. చాప పరిచి గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కొక్కరి పేరు పిలుస్తారు, డబ్బు చాప మీద పడుతుంది, పుస్తకంలో రాస్తారు, రానివాళ్లకు జుర్మానా. ఈ నెల దాచుదామా, వద్దా అని ఏ ఇల్లాలూ ఇంట్లో కూర్చుని ఆలోచించదు. ఆ ఆలోచన సంఘంలో చేరిన రోజే అయిపోయింది. మిగిలినప్పుడు దాచుకుందాం అనుకునే ఇంట్లో ఎప్పుడూ ఏమీ మిగలదని వాళ్లకు ఏ ఆర్థికవేత్తా చెప్పనక్కర్లేకపోయింది.

నెల జీతగాళ్లకు ఈ పని ప్రావిడెంట్ ఫండ్ చేస్తోంది. జీతం చేతికి రాకముందే అందులో కొంత ఆ ఫండ్‌లోకి వెళ్లిపోతుంది. చేతికి రాని డబ్బు గురించి ఎవరూ బెంగపడరు. అమెరికాలో రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్‌జీ అనే ఆర్థికవేత్తలు ఇంకో అడుగు ముందుకేశారు. ఇప్పుడు దాచమంటే ఎవరికైనా కష్టమే. అందుకని "వచ్చే ఏడాది జీతం పెరిగినప్పుడు, ఆ పెరిగిన దాంట్లో కొంత దాస్తాను" అని ఇప్పుడే సంతకం పెట్టమన్నారు. ఒక కంపెనీలో ఇలా ఒప్పుకున్నవాళ్ల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 40 నెలల్లో 13.6 శాతానికి చేరింది. జీతం ఎప్పుడూ తగ్గినట్టు కనిపించలేదు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు. థేలర్‌కు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

రైతు సోదరులకు చెప్పదగ్గ ముచ్చట కెన్యాది. అక్కడ పశ్చిమ ప్రాంతంలో మొక్కజొన్న వేసే రైతులకు ఎరువు వేస్తే లాభమని తెలుసు, వేద్దామనీ అనుకుంటారు. తీరా అదనుకు చేతిలో డబ్బుండదు. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్తలు కొందరు రైతులకు ఎరువు ధర తగ్గించలేదు. పంట అమ్మి చేతిలో డబ్బున్న రోజుల్లోనే ఇంటి దగ్గరికి వెళ్లి "వచ్చే పంటకు ఎరువు ఇప్పుడే కొనుక్కోండి, రవాణా ఖర్చు మాది" అన్నారు. అదను దాకా ఆగి సగం ధరకే ఇస్తామన్నప్పుడు ఎంత ఫలితం వచ్చిందో, ఈ పద్ధతికీ దాదాపు అంతే వచ్చింది. పత్తి డబ్బులో, మిర్చి డబ్బులో చేతికొచ్చిన వారం ఎంత ఉదారంగా ఉంటామో మనకు తెలియంది కాదు. విత్తనం సంగతి, పిల్లల ఫీజు సంగతి తేల్చెయ్యాల్సింది ఆ వారంలోనే.

చెన్నైలో సైకిల్ రిక్షా తొక్కేవాళ్ల మీద ఫ్రాంక్ షిల్‌బాక్ అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధన 2019లో అచ్చయింది. మూడు వారాలపాటు, పగటిపూట తాగకుండా వస్తే కొంత డబ్బు ఇచ్చారు. పగలు తాగకుండా వచ్చిన రోజులు పెరిగాయి, పొదుపు దాదాపు 50 శాతం పెరిగింది. నన్ను కదిలించింది అది కాదు. "తాగినా తాగకపోయినా ఇస్తాం" అన్న డబ్బును వదులుకుని, "తాగకపోతేనే ఇవ్వండి" అన్న షరతునే వాళ్లలో చాలామంది ఎంచుకున్నారు. తాగుబోతుకు తన మేలు తెలియదని మనం తేలిగ్గా తీసిపారేస్తాం. సాయంత్రపు తన సంగతి ఆ రిక్షా కార్మికుడికి పొద్దున్నే తెలుసు. తన కాళ్లకు తానే బంధం వేయించుకోవడానికి నష్టం కూడా భరించాడు.

ఇక మన ఇంటికి వద్దాం. ఎక్కువమందికి పనికొచ్చేది బీపీ మాత్ర. మాత్ర చేదు కాదు, ఖరీదూ కాదు. అయినా చాలా ఇళ్లలో అది సరిగ్గా పడదు. కారణం మతిమరుపు అంటారు. నేనైతే చోటు అంటాను. మాత్రలు ఎక్కడున్నాయి? కొన్నాళ్లు ఫ్రిజ్ మీద, కొన్నాళ్లు దేవుడి గూట్లో, కొత్త స్ట్రిప్పు తెచ్చిన సంచిలోనే ఇంకొన్నాళ్లు. మాత్ర వేసుకోవడం అన్నది దానంతటది ఒక పనిగా ఉన్నంత కాలం ప్రతి రోజూ గుర్తు తెచ్చుకోవాలి. దాన్ని ఇప్పటికే తప్పని ఒక పనికి కట్టెయ్యండి. పళ్లు తోముకోకుండా ఎవరూ ఉండరు. డాక్టరు పరగడుపున వేసుకోమంటే మాత్రల డబ్బా బ్రష్షు పెట్టే గ్లాసు పక్కన ఉండాలి. టిఫిన్ తర్వాత వేసుకోమంటే, తిన్న పళ్లెం సింకులో పెట్టగానే చెయ్యి అందేంత దూరంలో ఉండాలి. ఆకాశవాణి వినే ఇళ్లలో పొద్దున్న ప్రాంతీయ వార్తలు అయిపోగానే మాత్ర అని పెట్టుకోవచ్చు, వార్తలు ఆలస్యంగా రావు కదా. వారానికి ఏడు గడులున్న ప్లాస్టిక్ డబ్బా మందుల షాపులో దొరుకుతుంది. ఆదివారం సాయంత్రం నింపి పెడితే, వేసుకున్నానా లేదా అన్న అనుమానం కూడా ఉండదు. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే.

ఇంతవరకూ చాలామంది చేస్తారు. ఏర్పాటు తెగేది ఊరెళ్లినప్పుడు. పెళ్లికనో, కూతురింటికనో వెళ్తాం, మూడు రోజులు మాత్ర ఉండదు, తిరిగొచ్చాక ఆ గొలుసు మళ్లీ అతకదు. అందుకే రెండో తీర్మానం కూడా ముందే చేసుకోవాలి: ఊరెళ్తే ఏం చెయ్యాలి? సెల్ ఛార్జరు పెట్టుకునే సంచిలో ఒక స్ట్రిప్పు ఎప్పుడూ ఉండాలి. ఛార్జరు మర్చిపోయి ఊరెళ్లేవాళ్లు ఈ రోజుల్లో ఎవరూ లేరు. నడక కూడా అంతే. వానొస్తే ఏం చెయ్యాలో వాన రాకముందే అనుకోవాలి. వరండాలో ఇటూ అటూ నడవడమా, మేడమెట్లు ఎక్కి దిగడమా, ఏదో ఒకటి. వాన పడుతున్నప్పుడు అనుకుంటే తేలేది ఒక్కటే, పకోడీ.

శనివారంలా ఒక రోజో, ఒక ఏర్పాటో లేకుండా ఊరికే చెయ్యను, చూడను, తినను అన్న తీర్మానాలు నిలవడం కష్టం. "పడుకున్నాక ఫోన్ చూడను" అని అనుకుంటే ఆ ఫోనే గుర్తొస్తుంది. ఫోన్ ఛార్జింగ్ హాల్లో, అలారం గడియారం మంచం పక్కన అని మార్చుకున్నవాళ్లకు అనుకోవాల్సిన పనే లేదు.

ఎన్నాళ్లకు అలవాటవుతుంది? 21 రోజులు అని వాట్సాప్‌లో మీరూ చదివే ఉంటారు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలో, ఆపరేషన్ అయినవాళ్లకు కొత్త ముఖం అలవాటవడానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశారు. ఆ "కనీసం" దారిలో ఎక్కడో జారిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన లెక్క వేరు. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా, మధ్యస్థంగా 66 రోజులు. పొద్దున ఒక గ్లాసు నీళ్లు తాగడం త్వరగా పట్టుబడుతుంది, వ్యాయామం ఆలస్యంగా. ఆ పరిశోధనలోనే ఉన్న ఇంకో మాట చాలామందికి ఊరటనిస్తుంది. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన నష్టమేమీ లేదు. నియమం తప్పింది కాబట్టి ఇక అంతా పోయిందని వదిలేసేవాళ్లే నష్టపోతారు.

ఇందాక దీక్ష గురించి చెప్పినప్పుడు ఒక మనిషిని పక్కన పెట్టాను. స్వామి తెల్లారకముందే స్నానం చేస్తాడు, నిజమే. అంతకంటే ముందే లేచి, పీఠం దగ్గర తుడిచి, ఉల్లి వెల్లుల్లి లేకుండా భిక్ష వండి పెట్టే ఇల్లాలు ఉంటుంది. ఆయన ఏర్పాటు ఆమె చేతుల మీద నడుస్తోంది. మరి ఆమె నడక ఎప్పుడు? ఆమె షుగరు మాత్ర ఎప్పుడు? పొద్దున్న అయిదు నుంచి తొమ్మిది దాకా ఏ గంటా ఆమెది కాదు. క్యారియర్లు, పిల్లల జడలు, అత్తగారి కాఫీ, నీళ్ల ట్యాంకరు. "ఫలానా వేళకు ఫలానా పని" అని ముందే తేల్చుకోవాలంటే ఆ వేళ మన చేతిలో ఉండాలి. అది లేనివాళ్లకు పట్టుదల లేదని, బద్ధకమని అనడం అన్యాయం. అలాంటి ఇళ్లలో తీర్మానం చెయ్యాల్సింది ఆమె కాదు, ఇల్లు. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా పొయ్యి దగ్గర నాన్న ఉంటాడు అని తేలిస్తే అమ్మ నడక దానంతటది మొదలవుతుంది.

పిల్లల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతోంది. టైంటేబుల్ తండ్రి రాసి గోడకు అంటిస్తాడు. నాలుగున్నరకు లేవాలి, అయిదింటికి లెక్కలు. అది తండ్రి నిర్ణయం, ఆ పిల్లవాడు అందులో లేడు. రిక్షా కార్మికుడు షరతును తానే ఎంచుకున్నాడు, సంఘంలో ఆ ఇల్లాలు తానే చేరింది, మాల కూడా ఎవరికి వారు వేసుకున్నదే. ఎవరో వేసిన కట్టు తెంపుకోవడానికే ఉంటుంది. పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని "లెక్కలు ఏ వేళకు చేస్తే నీకు బాగుంటుందిరా?" అని అడగండి. వాడు రాత్రి తొమ్మిదింటికి అంటే తొమ్మిదే రాయనివ్వండి, వాడి చేత్తోనే.

ఈ మాటలు విని ఒకేసారి పది తీర్మానాలు చేసుకోకండి. నడక, ధ్యానం, పొదుపు, నీళ్లు, పుస్తకం అన్నీ ఒకే ఉగాదికి మొదలుపెట్టినవాళ్ల పుస్తకంలో మొదటి పేజీ ఒక్కటే నిండి ఉంటుంది. ఇవాళ రాత్రి పడుకునే ముందు ఒక్క పని ఎంచుకోండి. అది ఏ పని అయిపోగానే చెయ్యాలో, ఎక్కడ చెయ్యాలో, కుదరని రోజు బదులుగా ఏం చెయ్యాలో మీ గోడ క్యాలెండరు మీద పెన్నుతో రాయండి. రాసింది ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. కావాల్సిన వస్తువు, మాత్రల డబ్బా కానివ్వండి, నడక బూట్లు కానివ్వండి, రేపు పొద్దున ఎక్కడ చెయ్యి పెడితే దొరకాలో అక్కడ ఇప్పుడే పెట్టి పడుకోండి. రెండో పని సంగతి మూడు నెలల తర్వాత చూసుకోవచ్చు.